మొలతాడు కట్టిన ఏడు

విమల పోస్టాఫీసు నుంచి తిరిగి వచ్చేసరికి చేనేత సంఘం ఆఫీసులో ఎవరూ లేరు. తడిసిన గొడుగును మూలకు ఆనించి, రిజిస్టరు రసీదును గోడ మీది తీగకు గుచ్చి, పైట చెంగుతో చేతులు తుడుచుకుని హాంబర్గు ఫైలు ముందుకు లాక్కుంది. పొద్దున సారంగపాణి సారు బస్సు తొందరలో బల్ల మీద పడేసిపోయిన ఉత్తరాన్ని అందులో పెట్టేస్తే పని అయిపోయినట్టే. ఉత్తరానికి రెండు చిల్లులు పొడిచి పాత ఉత్తరాల మీద సర్దింది. సర్దుతుంటే కింది ఉత్తరం అంచూ పై ఉత్తరం అంచూ పక్కపక్కకు వచ్చాయి. రెంటి మీదా తేదీ చేత్తో రాసి ఉంది. రెంటిలోనూ ఏడు ఉంది.

కింది ఏడుకు మొలతాడు ఉంది. పై ఏడుకు లేదు.

విమల చేతులు అక్కడే ఆగిపోయాయి.

ఆ మొలతాడు సంగతి వరంగల్ కొత్తవాడలో మగ్గం ముందు కూర్చునే ప్రతివాడికీ తెలుసు. మూడేళ్ళ కింద హాంబర్గు నుంచి రీమాన్ అనే ముసలాయన మొదటిసారి జంపఖానాలు కావాలని రాసినప్పుడు, ఏ రకం ఎన్ని బేళ్ళు పంపాలో తన చేత్తోనే పట్టీ వేసి పంపాడు. ఎర్ర అంచు రకానికి ఎదురుగా ఏడు అని వేసి, ఆ ఏడు నడుముకు అడ్డంగా చిన్న గీత గీశాడు. సంఘం కార్యదర్శి సారంగపాణి కళ్ళద్దాలు సవరించుకుని, “ఇది కొట్టేసిండు, వద్దంటాండు” అని తేల్చేశాడు. ఎర్ర అంచు జంపఖానా ఒక్కటీ పోలేదు. రెండు నెలల తర్వాత ముసలాయన కోప్పడకుండా ఒక ఉత్తరం రాశాడు. కాగితం మధ్యలో అరచేయంత ఏడు గీసి, మా దేశంలో బడి పిల్లలకు ఏడును ఇలాగే నేర్పుతారు, ఒకటితో కలిసిపోకుండా ఉండడానికి, అని వివరంగా చెప్పాడు. ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసిన నేతగాడు ఉప్పలయ్య పడీ పడీ నవ్వాడు. “ఏడుకు మొలతాడు కట్టిండు గదనే బిడ్డా! దిష్టి తగలకుండనేమో!”

అప్పటి నుంచి అది మొలతాడు కట్టిన ఏడు అయింది. హాంబర్గు చిరునామాలు రాసీ రాసీ విమలకూ అదే అలవాటయింది. ఊళ్ళో అమ్మకు రాసే కార్డు మీద కూడా ఏడుకు మొలతాడు కట్టేది.

ఇప్పుడీ కొత్త ఉత్తరం నిన్న వచ్చింది. కవరు మీద బెల్జియం స్టాంపు. పైన రీమాన్ కంపెనీ పేరే అచ్చు వేసి ఉంది. కింద సంతకం మాత్రం ఎవరో కొత్త మేనేజరుది. ముసలాయన విశ్రాంతి తీసుకున్నారు, హాంబర్గు ఆఫీసు తీసేస్తున్నాం, అక్కడికి రాస్తే ఉత్తరాలు అందవు, ఇకమీదట అంతా బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ నుంచే అన్నాడు. ఓడ వచ్చేలోపు సరుకు విడిపించుకునే ఏర్పాటు చేసుకోవాలి గనుక సరుకు తీసుకున్నట్టు ఓడవాళ్ళు ఇచ్చే మూడు ఓడ కాగితాల్లో ఒకటి బ్యాంకుకు ఇవ్వకుండా నేరుగా మాకు పంపండి, వెంటనే పంపండి, ఆలస్యమైతే మా నష్టానికి బాధ్యత మీదే అన్నాడు. చివరి పేరాలో, వచ్చే సీజన్‌కు రెండింతలు సరుకు కావాలి, మరో సంఘం కూడా అడుగుతోంది గానీ మా మనసు మీ మీదే ఉంది అన్నాడు.

ఆ చివరి పేరా చదివాక సారంగపాణి కుర్చీలో నిలవలేదు. బయటికి పోయి, వరండాలో నూలు కండెలు చుడుతున్న ఆడవాళ్ళకు, గోదాములో బేళ్ళు కడుతున్న మగవాళ్ళకు, ఎదురింటి టీ కొట్టువాడికి కూడా చెప్పి వచ్చాడు. “రెండింతలు! ఒక్క మగ్గం ఖాళీ ఉండొద్దిక!”

విమల అప్పుడే చూసింది. 17-7-83 అని ఉంది తేదీ. రెండు ఏడులు. రెండూ మనవాళ్ళు రాసే ఏడులే, బోసి నడుముతో. చూసి, “సార్...” అంది.

“ఏందమ్మా?”

“ఏం లేదు సార్.”

కొత్త మేనేజరు వేరే దేశపువాడేమో అనుకుంది. అంత పెద్ద సారుకు తెలియనిది తనకేం తెలుసనుకుంది. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి పల్లెలో నేల మీద కూర్చుని చదువుకుని, సంఘంలో టైపిస్టుగా చేరిన పిల్ల, ఎవరైనా రెండోసారి అడిగితే తప్ప నోరు విప్పని పిల్ల. సారు రెండోసారి అడగలేదు. ఇవాళ పొద్దున ఓడ కాగితం ఒకటి తీసి, ఆంట్‌వెర్ప్‌కు రిజిస్టరు చేయమని ఇచ్చి, మిగతా రెండు బీరువాలో పెట్టి, “రెండు మన దగ్గర్నే ఉన్నయి గద, ఫికర్ లేదు. రేపు బ్యాంకుల ఇద్దాం” అని, ములుగులో చిన్నమ్మ దశదిన కర్మకు బస్సెక్కి పోయాడు.

రెండు మన దగ్గరే ఉన్నాయి. విమల ఆ మాటనే పట్టుకుని బీరువా తాళం తీసింది. మద్రాసు ఓడ కంపెనీ అచ్చు వేసిన కాగితం అది. సంఘం నాలుగు నెలలు నేసిన సరుకంతా ఏ ఓడలో, ఎన్ని బేళ్ళుగా పోతోందో అందులో ఉంది. అడుగున చీమల బారులాంటి అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. ఎన్నోసార్లు చూసింది గానీ ఏనాడూ చదవలేదు. కిటికీ దగ్గరకు తీసుకుపోయి వేలు పెట్టి ఒక్కొక్క మాటా చదివింది. మూడు ప్రతుల మీద సంతకం చేశాం, అందులో ఒకటి... ఆ తర్వాతి మాట అర్థం కాలేదు. సొరుగులోంచి నిఘంటువు తీసి చూసింది. నెరవేర్చు, పని పూర్తి చేయు, అని ఉంది. మళ్ళీ మొదటి నుంచి చదువుకుంది. మూడింటిలో ఒకదానితో పని పూర్తయితే, మిగతా రెండూ చెల్లవు.

కాగితం పట్టుకుని కిటికీ దగ్గరే నిలబడిపోయింది.

“ఏమైందే బిడ్డా, గట్ల నిలవడ్డవ్?” నీలం నూలు భుజాన వేసుకుని పోతున్న ఉప్పలయ్య గుమ్మంలో ఆగిపోయాడు. అరవై దాటిన మనిషి, సంఘం పుట్టిననాటి నుంచి మగ్గం మీద ఉన్నవాడు.

“తాతా, నేను ఆ కాగితం పంపిన.”

“పంపుమన్నడు, పంపినవ్. అయితే?”

“అది ఎవలకు పోతాందో నాకు తెల్వది తాతా.” ఫైలు తెచ్చి అతని ముందు పెట్టింది. “ఇగో, ఈ ఏడు చూడు.”

ఉప్పలయ్యకు ఇంగ్లీషు రాదు. అంకెలు మాత్రం వస్తాయి. కాగితాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుని చూశాడు. మొహంలో నవ్వు కొద్దికొద్దిగా తగ్గిపోయింది.

“మొలతాడు ఏదే?”

“లేదు తాతా.”

“మర్చిపోయిండేమో.”

“రెండు ఏడులు తాతా. రెండిట్ల మర్చిపోతరా?”

ఉప్పలయ్య భుజం మీది నూలు చిలుపలను నెమ్మదిగా బల్ల మీద పెట్టాడు. “ఆ కాగితం పట్టుకపోయినోనికే సరుకంత ఇస్తరా?”

విమల తల ఊపింది.

“నూట నలభై మగ్గాలు” అన్నాడు ఉప్పలయ్య.

బ్యాంకు రెండు వీధుల అవతల. తీగ మీది రసీదు, ఫైలు పట్టుకుని, గొడుగు మర్చిపోయి పరుగెత్తింది, వెనకే ఉప్పలయ్య. విదేశీ కాగితాలు చూసే ఆఫీసరు కృపానందం అన్నం డబ్బా మూత తీస్తున్నాడు. విమల చెప్పింది విని, డబ్బా మళ్ళీ మూసేశాడు.

“మూడు మా దగ్గరికే రావాలని ఎన్నిసార్లు చెప్పినమ్మా సారంగపాణి సారుకు? మేము పంపితే, అక్కడి బ్యాంకులో సరుకు ధర కట్టినంకనే ఆ కాగితం వాళ్ళ చేతికి పోతది. అందుకే కదా మేమున్నది.”

“రెండు మన దగ్గరున్నయి గద అన్నడు సార్.”

“ఒక తలుపుకు మూడు తాళపుచెవులు ఉన్నయనుకో. ఒకడు తలుపు తీసి ఇల్లంతా ఊడ్చుకపోయినంక, మిగిలిన రెండు చెవులు మన బొడ్లో ఉంటే ఏం, లేకుంటే ఏం?” కృపానందం గడియారం చూశాడు. “ఎన్నింటికి రిజిస్టరు చేసినవ్?”

“పదకొండున్నరకు.”

“ఇప్పుడు ఒకటి ముప్పావు. పో. ఉత్తరం పంపినవాళ్ళు దారిలోనే వాపసు అడగొచ్చు, దానికి అర్జీ ఉంటది. నేను హాంబర్గు పాత అడ్రసుకు తంతి కొడతా. కొత్త ఉత్తరంలో ఉన్న అడ్రసుకు మాత్రం నువ్వేం కొట్టకు. దొంగను పట్టుకపోయి నువ్వు దొంగవా అని అడిగినట్టయితది. పో తల్లీ, నిలబడకు!”

పోస్టాఫీసులో కౌంటరు దగ్గరి ఆమె రసీదు చూసి పెదవి విరిచింది. “సంచి పోయిందమ్మా. ఒంటిగంటకే బండి కాజీపేటకు తీస్కపోయింది. అక్కడ రైల్వే మెయిల్ ఆఫీసుల వేరు చేసి సాయంత్రం బొంబాయి మెయిల్‌కు ఎక్కిస్తరు.”

“మీరు జర ఫోన్ చేసి ఆపుమనుండ్రి మేడమ్.”

“ఫోన్ మీద చెప్తే ఎవలాపుతరు? ఇగో అర్జీ. రాసుకొని నువ్వే పట్టుకపో. మేము పంపితే రేపటికి పోతది. బండి నాలుగూ ఇరవైకి.”

అర్జీలో ‘పంపినవారి సంతకం’ అన్న చోట విమల కలం ఆగింది. పంపినది సంఘం. సంతకం చేయవలసినవాడు ములుగులో పిండం పెడుతున్నాడు. పక్కన నిలబడి అన్నీ చూస్తున్న ఉప్పలయ్య, “నీ పేరే రాయి. పంపింది నువ్వే గద” అన్నాడు. రాసింది.

బస్సు దొరికింది గానీ హన్మకొండ చౌరస్తాలో ఏదో ఊరేగింపు అడ్డం వచ్చి ఆగింది. డ్రైవరు ఇంజను ఆపి బీడీ ముట్టించుకున్నాడు. కిటికీలోంచి వాన జల్లు విమల ఒళ్ళో ఉన్న ఫైలు మీద పడుతోంది. ఫైలును కడుపుకు అదుముకుని వంగి కూర్చుంది.

“నిన్ననే చూసిన తాతా” అంది ఉన్నట్టుండి. “సారు ముంగటనే చూసిన. చెప్పబోయి ఊకున్న.”

ఉప్పలయ్య తన తువ్వాలు తీసి ఫైలు మీద కప్పాడు. “పడుగుల ఒక్క పోగు తెగుతది సూడు, నేసేటోనికి చెయ్యికి తెలుస్తది. ఎవలు చూస్తరులే అని నేస్తనే పోతే, ఆ గీత బట్ట కొసదాక వస్తది” అన్నాడు. తర్వాత ఆమె మొహం చూసి, “ఏడువకు. ఇంక బండి పోలే” అన్నాడు.

మూడుంబావు అయింది. మూడున్నర అయింది. ఊరేగింపు తోక కనబడే ఆశ లేదు. ఉప్పలయ్య లేచి పోయి డ్రైవరుతో, “అన్నా, నీ కాళ్ళు మొక్కుత, బాజు గల్లీలకెల్లి పోనియ్యి” అంటే, డ్రైవరు, “ఇది నీ అత్తగారి బండా తాతా, గల్లీలల్ల తిప్ప” అన్నాడు. బస్సంతా నవ్వింది. ఇద్దరూ దిగి, ఊరేగింపులో మనుషుల మధ్య నుంచి దారి చేసుకుంటూ అవతలికి పోయి ఆటో ఎక్కారు.

కాజీపేట స్టేషన్లో రైల్వే మెయిల్ ఆఫీసు ప్లాట్‌ఫారం చివర ఉంది. ఇనుప జాలీ వెనక నలుగురు ఉత్తరాలను గూళ్ళలోకి విసురుతున్నారు. వాళ్ళకు పెద్ద వెంకట్రాజం. చెవి వెనక ఎర్ర పెన్సిలు, చేతులకు లక్క మరకలు. పక్కన కుంపటి మీద లక్క కరుగుతోంది. నేల మీద నోరు తెరుచుకుని రిజిస్టరు సంచి ఉంది. గోడ గడియారం నాలుగు కొట్టడానికి ఐదు నిమిషాలు.

విమల అర్జీ జాలీ కింది నుంచి తోసింది. మాటలు తడబడుతూ వచ్చాయి. వెంకట్రాజం అర్జీని ఆసాంతం చదివాడు. తొందర పడలేదు.

“సంఘం ఉత్తరం అంటానవ్. సంతకం నీదేందమ్మా?”

“సెక్రటరీ సారు ఊళ్ళె లేడు సార్. నేను టైపిస్టును.”

“నువ్వు టైపిస్టువని నాకెట్ల తెల్వాలె?”

“రసీదు ఉన్నది సార్.”

“రసీదు తీగె మీదికెల్లి ఎవలన్న గుంజుకరావచ్చు. నీ మొకం చూస్తే నిజమే అనిపిస్తాంది. మొకం చూసి ఇచ్చుడు మొదలువెడితే ఇది పోస్టాఫీసు కాదు, కిరాణా దుకాణం.” అతని గొంతులో కోపం లేదు. “ఎవలో వచ్చి, నేనే పంపిన, జల్ది ఇయ్యి, బండి పోతాంది అంటే ఇచ్చేస్తనా? రేపు అసలు మనిషి వచ్చి నా మెడ పట్టుకుంటే?”

విమలకు చెంప మీద కొట్టినట్టయింది. నిన్న బెల్జియం స్టాంపు కవరు బల్ల మీదికి వచ్చినప్పుడు సంఘం ఆఫీసులో అడగవలసిన మాట ఇదే. ఎవరూ అడగలేదు.

“నిజమే సార్” అంది. “మీరన్నదే నిజం. గని ఎట్ల చూపియ్యాల్నో మీరే చెప్పుండ్రి. ఏదంటే అది చేస్త.”

వెంకట్రాజం ఆమెను ఒకసారి చూసి, సంచిలో చేయి పెట్టి కవర్ల కట్ట తీశాడు. నంబరు చూసుకుంటూ వేళ్ళతో తిప్పి ఒకటి బయటికి లాగాడు. ఆమె రాసిన కవరే. అతను దాన్ని బోర్లా పెట్టి, మీద చేయి పెట్టి, ఒక తెల్ల కాగితం ముక్క జాలీ కిందికి తోశాడు.

“అడ్రసు నువ్వే రాసినవా?”

“నేనే సార్.”

“రాయి. చూడకుంట. పంపినోళ్ళది, పొందేటోళ్ళది, రెండు.”

విమల కలం పట్టుకుంది. చేయి ఆగడం లేదు. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని రాసింది. పొద్దున ఆ కవరు మీద, పల్లె బడిలో నాలుగు గీతల కాపీ పుస్తకంలో నేర్చుకున్నట్టు గుండ్రంగా, తీరుగా రాసింది. ఇప్పుడు అక్షరాలు ఒకటి గోడెక్కితే ఒకటి బావిలో పడుతోంది. రాసి ఇచ్చింది. వెంకట్రాజం కాగితాన్ని కవరు పక్కన పెట్టుకుని చూశాడు. మళ్ళీ చూశాడు. తల అడ్డంగా ఊపాడు.

“ఇది ఆ రాత కాదు.”

“వణుకుతాంది సార్, చెయ్యి...”

“రాత కలువలే. నేనేం చెయ్యాలె?”

“సారూ!” ఉప్పలయ్య రెండు చేతులతో జాలీ పట్టుకున్నాడు. “గీ పొల్ల అబద్ధం చెప్పేది గాదు సారూ. నూట నలభై మగ్గాల బట్ట. నాలుగు నెలలు గుంతలల్ల కాళ్ళు పెట్టి నేసినం. దొంగలపాలయితది.”

“తాతా, జాలీ వదిలిపెట్టు. బండి టైం అయితాంది.” వెంకట్రాజం కవరును కట్టలోకి తోయబోయాడు. తోయబోయి ఆగాడు. చెవి వెనక పెన్సిలు తీసి, కాగితం మీద ఒకచోట ఆనించాడు. తర్వాత కవరు మీద. మళ్ళీ కాగితం మీద.

“ఇదేంది? ఈ ఏడెందుకు కొట్టేసినవ్?”

“కొట్టెయ్యలే సార్.”

“ఇంటి నంబరు పదకొండు బై ఇరవై ఏడు. ఇక్కడ ఏడు కొట్టేసున్నది. కవరు మీద కూడా కొట్టేసే ఉన్నది. అవతలి వీధి నంబరు నలభై ఏడు. అదీ అంతే.”

ఉప్పలయ్యకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. “మొలతాడు సారూ! అది మొలతాడు కట్టిన ఏడు! ఈ వరంగల్ మొత్తంల గట్ల రాసేది మా విమల ఒక్కతే!”

వెంకట్రాజం నవ్వలేదు. గడియారం వైపు చూశాడు. దూరంగా ఇంజను కూత వినిపించింది. అతను పట్టీలో ఒక వరుస ఎర్ర పెన్సిలుతో కొట్టేసి, పక్కన ఏదో రాసి, ఇద్దరు సార్టర్ల చేత సంతకం చేయించి, విమల చేత రెండుచోట్ల సంతకం తీసుకున్నాడు. ఆ తర్వాత కవరు జాలీ కింది నుంచి బయటికి వచ్చింది.

విమల ప్లాట్‌ఫారం మీదే కూర్చుండిపోయింది. బొంబాయి మెయిల్ వచ్చి, సంచి ఎక్కించుకుని, పోయింది.

కథ అక్కడ తీరిపోతే బాగుండేది. మర్నాడు ములుగు నుంచి సారంగపాణి వచ్చాడు.

“ఎవలు చెప్పిండ్రు నీకు వాపసు తెమ్మని?” కర్మలో చేయించుకున్న గుండు నున్నగా మెరుస్తోంది. మొహం కందిపోయింది. “ఏడుకు గీత లేదని రెండింతల ఆర్డరు వాపసు తెచ్చినవా? ఆ మేనేజరు ఫ్రెంచోడో, మరొకడో! వాడు ఏడు ఎట్లన్న రాసుకుంటడు. ఇయ్యి ఇటు. ఇప్పుడే పంపుత.”

“అది బ్యాంకుల ఉన్నది సార్. మూడు కృపానందం సారుకు ఇచ్చిన.”

“నన్నడగకుంటనా?”

“మీరు ఉత్తరం రాసినోళ్ళను అడగలే సార్” అంది విమల. అని, తన నోటి నుంచే వచ్చిందా అన్నట్టు బిత్తరపోయింది.

సారంగపాణి చేతిసంచి కుర్చీలో పడేశాడు. “హాంబర్గు నుంచి జవాబు రానీ. వచ్చే నెలాఖరుదాక చూస్త. రాకుంటే నువ్వు ఊరికి పో” అన్నాడు.

జవాబు రాలేదు. కృపానందం కొట్టిన తంతికి రాలేదు. నాలుగో రోజు కొట్టిన రెండో తంతికీ రాలేదు. ఆంట్‌వెర్ప్ నుంచి మాత్రం పదో రోజున ఒక తంతి వచ్చింది. కాగితం అందలేదు, ఆర్డరు వేరేవాళ్ళకు ఇస్తున్నాం, ఇదే ఆఖరి మాట, అని. ఆ తంతిని సారంగపాణి వరండాలో అందరికీ చదివి వినిపించాడు. ఆ రోజు నుంచి కండెలు చుట్టే ఆడవాళ్ళు విమల వస్తుంటే మాటలు ఆపేసేవాళ్ళు. వాళ్ళలో సమ్మమ్మ మాత్రం మొహం మీదే అంది. “చదువుకున్నదానివి చదువుకున్నట్టు ఉండక, మా పొట్ట మీద కొడితివి గదనే. నా కొడుక్కు మగ్గం పెట్టియ్యాల్నని ఎంత ఆశపడ్డ!” ఆగస్టు పదిహేనున జెండా ఎగరేసి పిప్పరమెంట్లు పంచితే, పళ్ళెం విమల దాకా రాలేదు. రాకపోవడం ఎవరూ కావాలని చేసింది కాకపోవచ్చు. ఆమె మాత్రం కావాలనే అనుకుంది.

విమలకు నిద్ర కరువైంది. అన్నం సయించలేదు. ముసలాయన నిజంగానే విశ్రాంతి తీసుకున్నాడేమో. హాంబర్గు ఆఫీసు నిజంగానే లేదేమో. ఒక చిన్న గీత కోసం నూట నలభై ఇళ్ళ నోటికాడి కూడు తీశానేమో. ఒక మధ్యాహ్నం టైపు మిషన్‌లో కార్బను కాగితం మారుస్తూ, వాడిన కార్బనును వెలుతురుకు పట్టి చూసింది. తాను టైపు చేసిన ప్రతి అక్షరం అందులో చదవడానికి వచ్చింది. ఓడ పేరు, బేళ్ళ లెక్క, బయల్దేరే తేదీ, అన్నీ. అప్పుడు గుర్తొచ్చింది. జూన్ నెలలో మద్రాసు ఓడ కంపెనీ మనిషినని చెప్పి ఒకతను వచ్చాడు. సారు టీ తెప్పించాడు. వెళ్తూ వెళ్తూ, మా బాబుకు విదేశీ స్టాంపులంటే ప్రాణం అంటే, కంపెనీ పేరు అచ్చు వేసిన రీమాన్ ఖాళీ కవర్లు రెండు తానే ఇచ్చింది. తీసుకున్న నమూనా ముక్క చుట్టుకోవడానికి ఏదైనా ఉందా అంటే, చెత్తబుట్టలోంచి పాత కార్బన్లు కూడా తానే తీసి ఇచ్చింది. కవర్ల మీది చిరునామాలతో సహా అతని చేతికి పోయినవన్నీ మిషన్ మీద కొట్టిన అక్షరాలే. చేత్తో రాసిన ఉత్తరం ఒక్కటీ పోలేదు. మొలతాడు సంగతి అతను చూడనే లేదు.

పోయి సారంగపాణికి చెప్పింది. ఈసారి ‘ఏం లేదు సార్’ అనలేదు. స్టాంపులు ఇచ్చింది తానేనని, కార్బన్లు ఇచ్చింది తానేనని, ఉత్తరం వచ్చిన రోజే ఏడు చూసి ఊరుకున్నది కూడా తానేనని చెప్పింది. సారంగపాణి తలెత్తలేదు. “జవాబు రానీ” అన్నాడు మళ్ళీ. కానీ ఆ రోజంతా కొత్త పని ఏదీ ముట్టుకోలేదు. రెండుసార్లు లేచి చెత్తబుట్ట వైపు చూశాడు.

ఆగస్టు పదిహేడున, అన్నం వేళకు కాస్త ముందు, పోస్ట్‌మన్ సాంబయ్య సైకిలు వరండాకు ఆనించాడు. పలుచని నీలం కవరు. హాంబర్గు స్టాంపు. కండెలు ఆగిపోయాయి. రంగు చేతులతోనే ఉప్పలయ్య గోదాములోంచి వచ్చాడు. సారంగపాణి కవరు తీసుకుని, అంచు చించి, కాగితం సగం బయటికి లాగి ఆగాడు. కాగితం మడత విప్పకుండానే బల్ల మీద నుంచి విమల వైపు జరిపాడు.

“ముందుగాల నువ్వు చూడు” అన్నాడు. “ఏడు చూడు.”

విమల మడత విప్పింది. అక్షరాలు చెదిరిపోయి, వరుసలు కిందికి జారిపోయి ఉన్నాయి. ముసలాయన రాతలా లేదు. తేదీ మీద వేలు పెట్టి, వేలు పక్కకు జరిపింది. 7-8-83.

“ఉన్నదా బిడ్డా?” ఉప్పలయ్య గొంతు.

“ఉన్నది తాతా. జర వంకరపోయింది. గని ఉన్నది.”

తర్వాత చదివి చెప్పింది. రెండు కళ్ళకూ ఆపరేషను చేశారు. నెల రోజులు దవాఖానలో ఉన్నాను. ఒక్కడి కొట్టు గనుక తాళం వేసి పోయాను. నిన్న కట్టు విప్పాక కొట్టుకు వస్తే తలుపు కింద మీ బ్యాంకు తంతులు రెండు కనబడ్డాయి. నాకు మేనేజరు లేడు, ఏనాడూ లేడు. ఆంట్‌వెర్ప్‌లో నాకు కుర్చీ కూడా లేదు. ఏ కాగితమూ ఎవరికీ పంపకండి. ఎప్పటిలా బ్యాంకు నుంచే పంపండి. ఎర్ర అంచువి వచ్చే సీజన్‌కు ఏడు బేళ్ళు చాలు.

రెండింతలు కాదు. ఏడు బేళ్ళు. సమ్మమ్మ గట్టిగా ఊపిరి వదిలి, పోయి రాట్నం ముందు కూర్చుంది. కాసేపటికి కండెల చప్పుడు మొదలైంది.

సారంగపాణి ఉత్తరం తీసుకుని, తన అలవాటు ప్రకారం, మూలన ‘అందినది’ అని రాసి పక్కన తేదీ వేశాడు. 17-8-83. ఫైలులో పెట్టబోయి, మళ్ళీ బల్ల మీద పరిచి, కలం మూత తీశాడు. ఏడు నడుముకు అడ్డంగా ఒక చిన్న గీత గీశాడు. సిరా ఆరేదాకా ఊదుతూ కూర్చున్నాడు.